ఖాళీగారి ఇంట్లో ఆక్రమణలు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వీధిలో అందరికీ ఆయన ఖాళీగారు. పురపాలక కార్యాలయంలో ఫుట్‌పాత్‌ల మీది ఆక్రమణలు తొలగించే విభాగానికి ఇన్‌స్పెక్టర్. పొద్దున్నే లారీ దిగడం, ఈల ఊదడం, రెండు చేతులూ గాల్లో ఊపుతూ "ఖాళీ! ఖాళీ! ఖాళీ చెయ్యండి!" అని అరవడం ఆయన ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే మాట అరవడం వల్ల దానికి ఆయన గొంతులో ఒక రాగం కుదిరింది. పళ్ల బండివాళ్ల పిల్లలు ఆ రాగాన్ని అనుకరించి ఆడుకునేవాళ్లు. విని ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. తన మాట జనంలోకి వెళ్లిందని లోలోపల మురిసిపోయేవాడు.

ఆయనకొక సిద్ధాంతం కూడా ఉండేది. టీకొట్టు దగ్గర ఎవరు దొరికినా వినిపించకుండా వదిలేవాడు కాదు.

"లోకంలో ప్రతి వస్తువుకీ ఒక చోటుంటుందయ్యా. ఆ చోట్లో ఉంటే అది వస్తువు. జానెడు పక్కకి జరిగిందా, ఆక్రమణ. అంతే తేడా."

ఆ మాట చెబుతున్నంతసేపూ ఆయన కూర్చున్న బల్ల ఫుట్‌పాత్ మీదే ఉండేది. టీకొట్టువాడు అవునవునని తలూపుతూ ఇంకో టీ అందించేవాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఖాళీగారు రచ్చ గెలిచి ఇంటికొచ్చేవాడు. ఇంటి తలుపేమో సగమే తెరుచుకునేది. దాని వెనక మూడు చక్రాల సైకిలు, ఆ సైకిలుకి కట్టిన బొమ్మ గుర్రం, గుర్రం మీద కూర్చోబెట్టిన బొమ్మలు ఒక ఊరేగింపుగా ఆగిపోయి ఉండేవి. వచ్చినవాళ్లు పక్కవాటుగా దూరి లోపలికి రావాలి. కాస్త లావుపాటి చుట్టాలు గుమ్మం దగ్గరే కుశల ప్రశ్నలు ముగించి వెళ్లిపోయేవాళ్లు.

లోపల ముగ్గురు కూర్చునే సోఫాలో ఒకరికే చోటు. మిగతా రెండు స్థానాలూ ఎలుగుబంట్లవి, కుందేళ్లవి. మెత్తల కింద చెయ్యిపెడితే రంగు పెన్సిళ్లు గుచ్చుకునేవి. భోజనాల బల్ల మీద సగం పేర్చిన సముద్రం పటం పరిచి ఉండేది. ముక్కలు చెదిరితే పిల్లలు ఏడుస్తారని ఇంటిల్లిపాదీ మంచం మీద కూర్చుని తినేవాళ్లు. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో రబ్బరు డైనోసార్ ఒకటి పడుకుని ఉండేది. దానికి జ్వరమట. తగ్గేదాకా కదిలించకూడదని నాలుగేళ్ల కొడుకు ఆజ్ఞ. నెలలు గడిచినా దానికి తగ్గలేదు.

ఆ కొడుకుని అందరూ బుడ్డాడనేవాళ్లు. రెండో తరగతి చదివే కూతుర్ని పెద్దది అనేవాళ్లు. పెద్దదానికి ఏ వస్తువు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగల జ్ఞాపకశక్తి ఉంది. ఆ వస్తువుని అక్కడినుంచి తీసే ఓపిక మాత్రం లేదు.

ఖాళీగారి భార్య మందుల షాపులో ఫార్మసిస్టు. షాపులో ఆవిడ చేతికింద వేల రకాల మాత్రలు అక్షర క్రమంలో నిలబడి ఉంటాయి. ఇంటికొచ్చాక ఎవరైనా సర్దమంటే మాత్రం ఒకటే జవాబు. "పొద్దుట్నించీ సర్దే వచ్చాను. ఇక నా వల్ల కాదు." అయితే పుస్తకాల విషయంలో ఆవిడకొక బలహీనత ఉంది. బొమ్మ కొంటే డబ్బు దండగ, పుస్తకం కొంటే పెట్టుబడి అని ఆవిడ నమ్మకం. అందువల్ల ఇంట్లో నీళ్లలో తడవని పుస్తకాలు, తెరిస్తే కోట లేచి నిలబడే పుస్తకాలు, నొక్కితే ఆవులా అరిచే పుస్తకాలు ఉన్నాయి. తలుపు తట్టి వచ్చిన ఒక సేల్స్‌మన్ మాటలకి కరిగి, వాయిదాల మీద కొన్న బాలల విజ్ఞాన సర్వస్వం మొత్తం సంపుటాలూ ఉన్నాయి. విజ్ఞానం పిల్లలకి బాగానే ఉపయోగపడింది. మూడు సంపుటాలు ఒకదానిమీద ఒకటి పెట్టి ఎక్కితే బుడ్డాడికి ఫ్యాన్ స్విచ్ అందేది.

ఇవి చాలవన్నట్టు ఖాళీగారి అక్క ఉంది. ఆదివారం వచ్చిందంటే చేతిలో ఉబ్బిన సంచీతో దిగేది.

"మావాళ్లు పెద్దాళ్లయిపోయార్రా. పారెయ్యడానికి మనసొప్పలేదు. మీ పిల్లలు ఆడుకుంటారని తెచ్చా," అని ఆ సంచీని హాలు మధ్యలో బోర్లించేది. చక్రం లేని కారు, మెడ వాలిన బొమ్మ, అట్ట ఊడిన పుస్తకం దొర్లుకుంటూ బయటపడేవి. వాటిని దాటుకుంటూ వెళ్లి కూర్చుని, "అదేంట్రా, మీ ఇల్లు ఎప్పుడొచ్చినా ఇలాగే ఉంటుంది? మా ఇల్లు చూడు, అద్దంలా ఉంటుంది," అనేది.

ఎందుకుండదు? ఆవిడ ఇల్లు అద్దమయ్యేకొద్దీ తమ్ముడి ఇల్లు గోదాము అవుతూ వచ్చింది.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక ఉదయం కథ మలుపు తిరిగింది. కింద ఆఫీసు లారీ హారన్ కొడుతోంది. ఖాళీగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చి నేలమీదున్న ఎర్ర బొమ్మ లారీ మీద కాలేశాడు. అది ఆయన స్వయంగా, ముచ్చటపడి కొడుక్కి కొనిచ్చిన లారీ. చక్రాలు గట్టివి. ఆయన్ని హాలు ఈ కొస నుంచి ఆ కొసకి సాఫీగా మోసుకెళ్లి, అక్షరాలు నేర్పే ఆటబొమ్మ మీద పడేసింది. ఆ ఆటబొమ్మకి బ్యాటరీ అయిపోయిందని నెల్లాళ్లుగా అందరూ అనుకుంటున్నారు. ఆయన బరువు పడగానే దానికి ప్రాణం వచ్చింది.

"శభాష్! చాలా బాగా చేశారు! మళ్లీ ప్రయత్నించండి!" అంది.

చీలమండ బెణికింది. కాలు కిందపెట్టకుండా విశ్రాంతి తీసుకోమన్నాడు డాక్టరు. ఉద్యోగంలో చేరాక ఖాళీగారు పగటిపూట ఇంట్లో ఖాళీగా కూర్చోవడం అదే మొదలు. సోఫాలో ఉన్న ఒక్క చోట్లో కూర్చుని, కాలు విజ్ఞాన సర్వస్వం మీద చాపుకుని, ఇంటిని ఆయన మొదటిసారి ఇన్‌స్పెక్టరు కళ్లతో చూశాడు. చూసేకొద్దీ రక్తం మరిగింది.

పిల్లలు బడినుంచి రాగానే గొంతు సవరించుకున్నాడు. "వినండి. ఆదివారం కల్లా ఈ హాలంతా ఖాళీ అయిపోవాలి. నేలమీద ఒక్క వస్తువు కనపడ్డానికి వీల్లేదు."

పెద్దది సంచీ దింపుతూ అడిగింది. "ఇది నోటీసా నాన్నా?"

"ఆఁ, నోటీసే."

"మరి మాకు వేరే చోటు చూపించాలిగా? చోటు చూపించకుండా తీసెయ్యకూడదని బండ్లవాళ్లు గొడవ చేస్తున్నారని నువ్వే ఫోన్లో చెప్పావు."

కూతురు పక్కగదిలో హోంవర్క్ చేసుకుంటోందని తాను అనుకున్న సాయంత్రాలన్నీ ఖాళీగారికి ఒక్కసారి గుర్తొచ్చాయి.

"చోటు మీరే చూసుకోవాలి," అన్నాడు ఖరాఖండిగా.

పెద్దది వెంటనే అమ్మమ్మకి ఫోన్ చేసింది. అత్తగారు అల్లుడితో మాట్లాడతానంది. "అల్లుడుగారూ, పిల్లలున్న ఇల్లన్నాక అలాగే ఉంటుంది. బొమ్మల్లేని ఇల్లు ఆసుపత్రిలా ఉంటుంది. ఇంకో వారం చూడండి," అని నచ్చజెప్పింది. అలా గడువు ఒక వారం జరిగింది. కోర్టు స్టేలకి అలవాటుపడినవాడు కాబట్టి ఖాళీగారు పళ్లు కొరుక్కుని ఊరుకున్నాడు.

గడువు తీరిన ఆదివారం సోఫాలోంచే ఈల ఊదాడు. జరిగింది చూసి ఆయన కళ్లు చెమర్చాయి. పిల్లలిద్దరూ చీమల్లా కదిలారు. మోసేది మోసి, ఈడ్చేది ఈడ్చి, కాఫీ చల్లారేలోపు హాలు ఖాళీ చేశారు. ఇంత క్రమశిక్షణ తన సిబ్బందిలో కూడా లేదనుకున్నాడు. పొంగిపోయి, పిల్లల్ని మెచ్చుకోవడానికి మంచి చొక్కా వేసుకుందామని కుంటుకుంటూ వెళ్లి బీరువా తలుపు తీశాడు.

బీరువా ఆయన మీద కురిసింది.

ఆ తర్వాత వాషింగ్ మెషీన్‌లో ఇటుక ముక్కల ఆట, మంచం కింద జంతు ప్రపంచం, బియ్యం డబ్బాలో చిన్న కార్లు బయటపడ్డాయి. మర్నాడు సాయంత్రానికల్లా అన్నీ చక్కగా హాల్లోకి తిరిగొచ్చాయి. లారీ సందు మలుపు తిరగ్గానే బండ్లు మళ్లీ ఎలా వచ్చి నిలబడతాయో ఖాళీగారికి తెలియంది కాదు. కానీ ఆ విద్య తన రక్తంలోనే ఉంటుందని ఊహించలేదు.

భార్య నవ్వి, "డబ్బాలు కొందామండీ. డబ్బాలుంటే వాటంతటవే సర్దుకుంటాయి," అంది.

ప్లాస్టిక్ సామాన్ల కొట్టువాడు కూడా అదే చెప్పాడు. "డబ్బాల్లేకే సార్ ఇళ్లన్నీ ఇలా అయిపోతున్నాయి," అని రంగురంగుల మూతలున్న పెద్ద డబ్బాలు ఆటో నిండా ఎక్కించాడు. వాహనాలకి ఎర్ర మూత, జంతువులకి పచ్చ మూత, పుస్తకాలకి నీలం మూత అని ఖాళీగారు నిర్ణయించాడు. వంచితే మనిషిగా మారే లారీ దగ్గర మొదటి చిక్కొచ్చింది. అది వాహనమని ఆయన, మనిషని బుడ్డాడు. గుర్రబ్బండి జంతువా, వాహనమా అన్న చోట చర్చ ఇంకా బిగుసుకుంది. నొక్కితే ఆవులా అరిచే పుస్తకాన్ని పెద్దది పచ్చ డబ్బాలో వేసింది. ఆయన తీసి నీలం డబ్బాలో వేశాడు. అది "అంబా" అంది.

"చూశావా, అదే చెప్తోంది," అంది పెద్దది.

చివరికి బొమ్మలు నేలమీదే ఉండిపోయాయి. ఎర్ర డబ్బా పడవైంది, పచ్చ డబ్బా బుడ్డాడి ఇల్లైంది, మూతలు యుద్ధంలో డాళ్లయ్యాయి. తాను దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు ఇదివరకున్న సామానుకి డబ్బాలు కూడా తోడయ్యాయి. అక్క ఆ ఆదివారం వచ్చి, "అబ్బ, డబ్బాలు బావున్నాయిరా. ఇంక బోలెడు పడతాయి," అని ఈసారి రెండు సంచీలు బోర్లించింది.

ఆ సంచీలు చూశాక ఖాళీగారు ఒక నిశ్చయానికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. ఆయన కాలినొప్పి మరిచిపోయి రెండు గోతాలు తీశాడు. మొదట విరిగినవి మాత్రమే తీద్దామనుకున్నాడు. చెయ్యి తిరిగిన పని కదా, ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. విరగబోయేవి వేశాడు. విరగనివి వేశాడు. చదివేసిన పుస్తకాలు, చదవని పుస్తకాలు, ఒక కన్ను ఊడిన గుడ్డ ఏనుగు, అన్నీ మూతులు బిగించి ఆటోలో ఎక్కించాడు. ఎక్కడికి తీసుకెళ్లాలో ఆలోచిస్తే ఆయనకి తెలిసింది ఒక్కటే చోటు. ఆఫీసు స్టోరు గది. జప్తు చేసిన గొడుగులు, త్రాసులు, టార్పాలిన్‌ల మధ్య ఆ రెండు గోతాలూ పెట్టి, వీలు చూసుకుని ఏ అనాథాశ్రమానికో ఇద్దామనుకుని ఇంటికొచ్చాడు.

వచ్చాక హాలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. సోఫాలో రెండు చేతులూ చాపుకుని కూర్చున్నాడు. గొంతెత్తి "ఖాళీ!" అన్నాడు. గోడలు తిరిగి "ఖాళీ" అన్నాయి. అంత సుఖం ఆయనకి చాలాకాలం తర్వాత కలిగింది.

భార్య వచ్చి, "ఇల్లింత పెద్దదా!" అని ఆశ్చర్యపోయింది. ఏమేం పోయాయో చూసుకునే ఓపిక ఆవిడకి లేదు. విచిత్రమేమిటంటే పిల్లలు కూడా గమనించలేదు. ఖాళీ దొరికింది కదా అని పరుగుపందేలు పెట్టుకున్నారు. చూశావా, వాళ్లకి ఇవేవీ అక్కర్లేదు, అనుకున్నాడాయన.

రెండ్రోజులాగి, బుడ్డాడు అన్నం పళ్లెం ముందు కూర్చుని అడిగాడు. "నా ఏనుగేదీ?"

ఆ ఏనుగుని వాడు ముట్టుకుని ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. కానీ ఆ క్షణం నుంచి వాడికి లోకంలో ఇంకే వస్తువూ కనపడలేదు. ఏనుగు లేందే తిననన్నాడు. పడుకోనన్నాడు. స్నానానికి రానన్నాడు. ఇల్లంతా వెతుకులాట మొదలైంది. దొంగకు తేలు కుట్టినట్టు ఖాళీగారు నోరు మెదపలేదు. పైగా అందరికంటే ఎక్కువ కష్టపడి వెతికాడు. టార్చిలైటు పట్టుకుని మంచం కింద దూరాడు. ఫ్రిజ్ వెనక చూశాడు. "ఇక్కడే ఎక్కడో ఉంటుందిరా, నడిచి పోదుగా," అన్నాడు. కొడుకు వెక్కిళ్లు పెడుతూ ఆయన చొక్కా పట్టుకుని వెంటే తిరిగాడు. ఆ చిన్న గుప్పిట బరువు ఆయనకి కాలి బెణుకుకన్నా ఎక్కువ బాధ పెట్టింది.

మర్నాడు పొద్దున్నే సెలవు రద్దు చేసుకుని ఆఫీసుకి పరిగెత్తాడు. స్టోరు గది శుభ్రంగా ఊడ్చి ఉంది.

"మొన్ననే వేలం వేసేశాం సార్," అన్నాడు గుమస్తా గర్వంగా. "మీరెప్పుడూ గది ఖాళీ చెయ్యమంటుంటారుగా. మీరొచ్చేసరికి చేసి చూపిద్దామని."

"రెండు గోతాలుండాలి. బొమ్మలూ పుస్తకాలూ..."

"ఆఁ, అవా! బడి దగ్గర టార్పాలిన్ పరుచుకుంటుంది చూడండి, బొమ్మలావిడ, ఆవిడ పట్టుకెళ్లింది. మంచి సరుకు సార్. ఎవరో పాపం బాగా కలిగినవాళ్ల దగ్గర జప్తు చేసినట్టున్నారు."

బొమ్మలావిడ ఖాళీగారికి కొత్త కాదు. ఆయన లెక్కలేనన్నిసార్లు లేపిన మనిషి. ఈల సగంలో ఉండగానే టార్పాలిన్ నాలుగు కొసలూ పట్టి మూటకట్టి, వీపున వేసుకుని, ఆయనకి నమస్కారం కూడా పెట్టి సందులో మాయమయ్యేది. ఒంటరిగా వెళ్లి గుట్టుచప్పుడు కాకుండా ఏనుగుని కొనుక్కొద్దామని ఆయన పథకం. కానీ ఆ సాయంత్రం భార్యకి షాపులో పని తెగలేదు. పిల్లల్ని బడినుంచి తీసుకురావలసింది ఆయనే. బొమ్మలావిడ ఉండేది సరిగ్గా బడి గేటు పక్కన.

ఆయన పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని రోడ్డుకి అటువైపునుంచి దాటించబోయాడు.

"నా ఏనుగు!"

బుడ్డాడు చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు. టార్పాలిన్ మధ్యలో, ఉన్న ఒక్క కంటితో వీధిని చూస్తూ ఏనుగు కూర్చుని ఉంది. వాడు దాన్ని గుండెకి హత్తుకుని కళ్లు మూసుకున్నాడు. వాడి వెనకే కుంటుకుంటూ వస్తున్న ఖాళీగారిని చూసి బొమ్మలావిడకి పైప్రాణాలు పైనే పోయాయి. చటుక్కున కొసలు అందుకుంది.

"సర్దేస్తున్నా సార్, ఒక్క నిమిషం, సర్దేస్తున్నా!"

"వద్దు, వద్దు! సర్దకు!" అన్నాడు ఖాళీగారు.

ఉద్యోగ జీవితంలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. బొమ్మలావిడ నమ్మలేక కొసలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఈలోపు పెద్దది వంగి ఒక పుస్తకం తీసింది. అట్టమీది రాజుగారికి తాను గీసిన కళ్లజోడు అలాగే ఉంది. ఇంకోటి తీసింది. ఇంకోటి. లేచి నిలబడి తండ్రిని చూసింది.

"మన పుస్తకాలు ఇక్కడికెలా వచ్చాయి నాన్నా?"

ఆయన నోరు తెరిచేలోపు బొమ్మలావిడే చెప్పింది. "వేలంలో తెచ్చానమ్మా. దొంగ సరుకు కాదు. సార్ వాళ్ల ఆఫీసులోనే కొన్నా."

పెద్దది మెల్లిగా అడిగింది. "అంటే మేం లేనప్పుడు మనింటికి లారీ వచ్చిందా?"

ఖాళీగారు ఎన్నో బెదిరింపులు విన్నవాడు. శాపనార్థాలు, ఏడుపులు, నాయకుల ఫోన్లు అన్నీ చూసినవాడు. ఏ రోజూ తల దించుకోలేదు. ఆ ప్రశ్నకి దించుకున్నాడు. నొప్పి కాలు పక్కకి చాపుకుని ఫుట్‌పాత్ మీద చతికిలబడి, "లారీ రాలేదమ్మా. నేనే పట్టుకొచ్చా," అన్నాడు.

"అడక్కుండానా?"

"అడిగితే ఇవ్వరని."

పెద్దది తనవన్నీ ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఆయన జేబులో చెయ్యిపెట్టి బేరానికి దిగాడు. బొమ్మలావిడ ధైర్యం పుంజుకుని, "మీ సరుకే కావచ్చు సార్, కానీ మీ ఆఫీసుకి డబ్బు కట్టింది నేను కదా," అంది. ఆ వాదనలో లోపమేదీ ఆయనకి దొరకలేదు. అయినా అలవాటుకొద్దీ తగ్గించమని గీచిగీచి బేరమాడాడు. ఒకచేతిలో ఎలుగుబంటి, ఇంకోచేతిలో ఆవు పుస్తకం పట్టుకుని ఆయన "అంతకైతే నాకొద్దు" అంటున్న సమయంలో పక్కన జీపు ఆగింది.

దిగినవాడు డిప్యూటీ కమిషనర్. "ఏమయ్యా ఇన్‌స్పెక్టర్, ఏం జరుగుతోందిక్కడ?"

కంచే చేను మేస్తూ దొరికిపోయినట్టయింది ఖాళీగారి పని. లేవబోయి, కాలు సహకరించక మళ్లీ కూలబడ్డాడు. "తనిఖీ సార్."

"మా నాన్న నా ఏనుగుని కొంటున్నాడు," అన్నాడు బుడ్డాడు స్పష్టంగా.

డిప్యూటీగారు నుదురు ముడిచాడు. ఫుట్‌పాత్ చూశాడు, టార్పాలిన్ చూశాడు, నోరు తెరిచాడు. అంతలో ఆయన చూపు ఒక మూలకి వెళ్లి ఆగిపోయింది. నుదుటి ముడి విడిపోయింది.

"ఆ చెక్క రైలు... మా మనవరాలికి అచ్చం ఇలాంటిదే ఉందయ్యా. దాన్లో ఆకుపచ్చ పెట్టె ఎక్కడో పోయింది. వారం నుంచి ఇంట్లో ఒకటే రభస. ఏమ్మా, ఆకుపచ్చది ఉందా?"

"చూడాలి సార్, మూటలో ఎక్కడో ఉండాలి," అంది బొమ్మలావిడ.

డిప్యూటీగారు ప్యాంటు మోకాళ్ల దగ్గర కాస్త పైకి లాక్కుని ఖాళీగారి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరధికారులూ మూటలో చేతులు పెట్టి వెతికారు. డ్రైవర్ కూడా దిగొచ్చి ఒక బంతి నొక్కి చూశాడు. జీపు సగం ఫుట్‌పాత్ మీదకి ఎక్కి ఉంది. బడి వదిలిన తల్లులూ పిల్లలూ వాళ్లని తప్పించుకుని, రోడ్డుమీదకి దిగి, వాహనాల మధ్య జాగ్రత్తగా నడుచుకుంటూ పోయారు.

ఇంటికి చేరాక సంగతంతా పెద్దది తల్లికి వరసగా చెప్పింది. ఆవిడ చివరిదాకా విని భర్తవైపు తిరిగింది.

"పారేసినందుకు కాదండీ. నాక్కూడా చెప్పలేదు, చూశారా, అదీ బాధ." మళ్లీ తనే అంది. "తప్పు నాదీ ఉందిలెండి. షాపులో సరుకంతా ఒకేసారి కౌంటర్ మీద పోస్తామా? కొంత ముందు పెడతాం, మిగతాది వెనక. ఇక్కడా అంతే చేద్దాం. సగం పైన అటక మీద పెడదాం. నెలకోసారి పైవి కిందకి, కిందవి పైకి. ఏవి పైకెళ్లాలో పిల్లలే చెప్తారు."

అందరికీ నచ్చింది. ఖాళీగారికి మాత్రం ముఖం వాడింది. "అటక ఎందుకు? అక్కడ చోటు లేదు," అన్నాడు.

"ఎందుకు లేదు?"

నిచ్చెన వేసి భార్యే ఎక్కింది. పైనుంచి ఒక్కొక్కటే కిందకి వచ్చాయి. తిరగని టేబుల్ ఫ్యాను. తీగెల్లేని టెన్నిస్ రాకెట్. ఏ యంత్రానివో తెలియని వైర్లు ఒక బుట్టెడు. ఇప్పుడు ఇంట్లో లేని టీవీ తాలూకు అట్టపెట్టె. దాన్లో భద్రంగా ఇంకో అట్టపెట్టె. మూగబోయిన ఈలలు. రేకు ఊడిన రేడియో. గడిచిపోయిన సంవత్సరాల కేలండర్లు చుట్టలు చుట్టలుగా. హాలు నిండింది. పిల్లల సామాను దాని పక్కన చిన్నబోయింది.

పెద్దది నడుం మీద చేతులు పెట్టుకుని ఫ్యాను చూపించింది. "దీన్ని ఆఖరిసారి ఎప్పుడు వాడావు నాన్నా?"

"అది... బాగుచేయించాలి."

"ఈ పెట్టె?"

"ఎప్పుడైనా ఇల్లు మారితే..."

"ఈ వైర్లు?"

"అవి ఎప్పటికైనా పనికొస్తాయమ్మా! ఇవాళ పారేస్తాం, రేపే అవసరం పడుతుంది." అంటున్నప్పుడే ఆయనకి తన గొంతు తనకి వినిపించింది. మూట కడుతూ బతిమాలే గొంతు అది. రోజూ వినేదే. కాకపోతే ఎదటివాళ్లనుంచి.

బుడ్డాడు వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. "నాన్నకి ఒకటి ఉంచుదాం," అన్నాడు దయగా.

ఖాళీగారు చాలాసేపు తటపటాయించి, రేకు ఊడిన రేడియో తీసుకున్నాడు. వాళ్ల నాన్న వార్తలు వినేది దాన్లోనే. మిగతాదంతా పాత సామాన్లవాడి బండి ఎక్కింది. బండి వెళ్లబోతుంటే ఆయన ఏదో పనున్నట్టు కిందకి దిగి, వైర్ల బుట్టని కండువా కింద దాచుకుని మళ్లీ పైకొచ్చాడు. ముగ్గురూ చూశారు. ముగ్గురూ గోడవైపు తిరిగారు.

అప్పటినుంచి ఇల్లు బాగుపడిందనే చెప్పాలి. పుస్తకాలు గోడవారన బుడ్డాడికి అందే ఎత్తులో నిలబడ్డాయి. అందుతున్నాయి కాబట్టి వాడు చూడటం మొదలుపెట్టాడు. అక్క సంచీతో వచ్చినప్పుడు భార్య గుమ్మం దగ్గరే నవ్వుతూ ఎదురెళ్లింది. "రండి వదినా. సంచీ తెచ్చినవాళ్లు ఇంకో సంచీ పట్టుకెళ్లాలని పిల్లలు రూలు పెట్టారు," అంది. ఆవిడ ఆ రోజు రెండు సంచీలతో వెనక్కి వెళ్లింది. తర్వాత రాకపోకలు కొంచెం తగ్గాయి. ప్రేమ తగ్గలేదని ఫోన్లో చెబుతుంటుంది. ఖాళీగారి ఉద్యోగం మాత్రం మారలేదు. రోజూ లారీ దిగుతాడు, ఈల ఊదుతాడు. సరుకుని బూటుకాలితో తొయ్యడం మానేసి చేత్తో ఎత్తుతున్నాడని, మూటకట్టేదాకా ఆగుతున్నాడని బండ్లవాళ్లు చెప్పుకుంటారు. కాలు ఇంకా నయం కాలేదేమోనని వాళ్ల అనుమానం.

ఇల్లు ఇలా చక్కబడిన నెలలోనే బడినుంచి కబురొచ్చింది. ప్రతి విద్యార్థీ ఇంట్లో పడున్న పనికిరాని వస్తువులతో ఒక నమూనా చేసి తేవాలట. ఖాళీ డబ్బాలు, మూతలు, అట్టపెట్టెలు, విరిగిన బొమ్మలు ఏవైనా సరే.

పెద్దది ఇల్లంతా వెతికింది. నాన్న దాచుకున్న వైర్ల బుట్ట తప్ప ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

"పక్కింట్లో అడుగుదాం," అంది తల్లి. పక్కింటివాళ్లు తమ పిల్లవాడికే చాలట్లేదన్నారు. చివరికి ఖాళీగారు కూతుర్ని వెంటబెట్టుకుని పాత సామాన్లవాడి కొట్టుకి వెళ్లాడు. ఆ వారమంతా ఊళ్లో చెత్తకి మంచి గిరాకీగా ఉందని వాడు ధర పెంచాడు. ఒక గోతాం నిండా అట్టపెట్టెలు కొనుక్కుని వచ్చారు.

తండ్రీ కూతురూ కలిసి పెద్ద అగ్నిపర్వతం చేశారు. టీచరు బాగా మెచ్చుకుని, జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్లి దాచుకోమంది. తలుపులోంచి పట్టక దాన్ని నలుగురూ కలిసి వాలుగా దూర్చి లోపలికి తెచ్చారు. ఇప్పుడది హాలు మధ్యలో ఉంది. రంగు ఇంకా ఆరలేదు కాబట్టి కదిలించకూడదని పెద్దది చెప్పింది. వచ్చినవాళ్లందరికీ ఖాళీగారే దాన్ని చూపించి, లావా ఏ పైపులోంచి వస్తుందో వివరిస్తాడు.